యాభై ఎనిమిది సంతకాలు

మా ఊళ్లో అందరికంటే అనుమానపు మనిషి ఎవరని అడిగితే ఎవరైనా పరుపుల బుడాన్ ఇల్లే చూపిస్తారు. కిలో ఉల్లిపాయలు కొన్నా ఇంటికి తెచ్చి మళ్ళీ తూస్తాడు. కరెంటు బిల్లు కొట్టే మనిషి పక్కనే నిలబడి మీటరు అంకెలు పైకి చదివించుకుంటాడు. నేను అంగన్‌వాడీలో పిల్లలకి గుడ్లు పెడుతుంటే గేటు బయట నిలబడి ఒకటి, రెండు అని లెక్కపెట్టిన ఘనుడు. అప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన గురించి నేనే కూర్చుని రాస్తానని ఎవరైనా చెప్పి ఉంటే నీకేమైనా పిచ్చా అనేదాన్ని.

నా పేరు రెబ్కా. ప్రత్తిపాడుకి దగ్గర్లో ఉన్న ఈ ఊళ్లో అంగన్‌వాడీ టీచరును. ఎన్నికల పని వచ్చినప్పుడల్లా బీఎల్వోగా కూడా నన్నే వేస్తారు. మా బూతులో ఎవరున్నారు, ఎవరు చనిపోయారు, ఎవరు కొత్తగా కాపురానికి వచ్చారు అని ఇల్లిల్లూ తిరిగి ఓటర్ల జాబితా సరిచూడాలి. జీతం ఒక పనికి, తిట్లు రెండు పనులకి.

బుడాన్ మామ తండ్రి భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకినవాడు. మామకి పదహారేళ్లప్పుడు తండ్రీకొడుకులు పెదకాకాని వైపు ఒక పెద్దింట్లో పాత పరుపు విప్పి, ఏకి, మళ్ళీ కుట్టి ఇచ్చారట. ఆ ఇంటావిడ పరుపు తూయించింది. రెండు కిలోలు తగ్గింది. ఏళ్ల తరబడి పట్టిన దుమ్ము ఏకితే రాలిపోతుంది, బరువు తగ్గక ఏమవుతుంది? చెబితే ఎవరు విన్నారు! అరుగు మీద పదిమందీ చూస్తుండగా ఇద్దరి సంచులూ బోర్లించి దులిపారు. ఏమీ దొరకలేదు. "సరేలే సాయిబూ, ఇంకెప్పుడూ ఇలాంటి పని చేయకు" అని పంపేశారు. చేయని పనికి క్షమాపణ మామ తండ్రే చెప్పుకుని వచ్చాడు.

అప్పటినుంచి మామ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పరుపు ఎవరిదైనా వాళ్ల ఎదుటే విప్పుతాడు. విల్లు పోయి మిషను వచ్చాక కూడా ఇంటివాళ్లు ఒకరు షెడ్డులో కూర్చుంటేనే స్విచ్చి వేస్తాడు. పని అయ్యాక కింద రాలిన దుమ్మంతా ఊడ్చి, గుడ్డలో మూటకట్టి, దూదితో పాటు తూచి చేతిలో పెడతాడు. "ఇదిగోనమ్మా మీ దూది, ఇదిగో మీ మట్టి." జనం నవ్వుకుంటూ ఆ మూట మలుపు దగ్గర పారేసి పోతారు. ఆయన మాత్రం మానలేదు. నన్ను నమ్మమని ఎవరినీ అడగను, చూసుకోమంటాను అంటాడు.

ఇంటి బయట కూడా అదే వరస. మా ఊళ్లో గ్రామసభ అంటే పుస్తకం ఇల్లిల్లూ తిరుగుతుంది, సంతకాలు పడతాయి, సభ జరిగిపోయినట్టే. మామ గుమ్మం దగ్గరికి పుస్తకం వస్తే పెట్టేవాడు కాదు. "సభ ఎక్కడ జరుగుతుందో చెప్పండి. అక్కడికొచ్చి, చదువుకుని, అప్పుడు పెడతాను." ఈయన పోరు పడలేక ఒక ఏడాది నిజంగానే సభ పెట్టారు. చివరి బజారుకి మురుగు కాలవ ఆ సభలోనే మంజూరైంది. అయినా ఆయన్ని ఎవరూ మెచ్చుకోలేదు. ఊరి పెద్దలకి ఆయన ఎప్పటికీ "ఒరేయ్ బుడానూ"నే. అరవై మూడేళ్లొచ్చినా అంతే.

చివరి బజారులో సగం మామ వాళ్ల ఇళ్లు, సగం మా చర్చివాళ్లవి. మా చుట్టూ పత్తి ఎక్కువ. అది తీయడం అయిపోగానే బజారు బజారంతా ఇళ్లకి తాళాలేసి పల్నాడు మిరపకోతలకి పోతుంది. రహిమున్నీసా అక్క ముఠా మేస్త్రి. జనవరిలో జనాన్ని ట్రక్కు ఎక్కించిందంటే ఉగాది దగ్గరపడేదాకా చేల గట్ల మీద గుడారాల్లోనే కాపురం. దూది దుమ్ముకి ఊపిరితిత్తులు చెడి మిరప ఘాటుకి ఆగలేని మామ ఒక్కడూ ఊళ్లో ఉంటాడు. అందుకని తాళంచెవులన్నీ ఆయనకే ఇచ్చి పోతారు. షెడ్డు గోడకి వరసగా మేకులు కొట్టి, ఎవరు ముందు బయలుదేరితే వాళ్ల తాళంచెవి ముందు మేకుకి తగిలించి, దాని కింద సుద్దముక్కతో ఇంటి నంబరు రాస్తాడు. ఎవరినీ నమ్మని మనిషిని బజారంతా నమ్మిందన్నమాట.

ఈ ఏడాది ఫిబ్రవరిలో మండలాఫీసు నుంచి నాకు ఫోనొచ్చింది. మా బూతు మీద యాభై ఎనిమిది ఫారం ఏడులు పడ్డాయన్నారు. ఫలానా మనిషి ఈ ఊళ్లో ఉండటం లేదు, ఓటు తీసేయండి అని ఇంకో ఓటరు పెట్టే అర్జీ అది. ఒకటో రెండో వస్తుంటాయి. యాభై ఎనిమిది నేనెప్పుడూ చూడలేదు. ఫోనులో వచ్చిన జాబితా ఒక్కో పేరే చదువుకుంటూ పోయాను. అన్నీ చివరి బజారువే. సాయిబులవి ముప్పైయేడు, మా చర్చివాళ్లవి ఇరవయ్యొకటి. ఊళ్లో ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. కిందటిసారి మా వార్డు పదకొండు ఓట్ల తేడాతో తేలింది. పన్నెండో రోజున విచారణ. ఆ రోజుకి వచ్చి మేం ఇక్కడివాళ్లమేనని నిరూపించుకోకపోతే ఓట్లు పోతాయి. వాళ్లేమో వంద కిలోమీటర్ల అవతల మిరప చేలల్లో ఉన్నారు.

మొదటి అనుమానం ఇంకెవరి మీద పడుతుంది? నా మీదే. రహిమున్నీసా అక్క ఫోనులో నన్ను మాట్లాడనివ్వలేదు. "మా ఓట్లు పోవాలంటే నీ చేతిలోంచే పోవాలిగా! ఎంతకి అమ్మావే మమ్మల్ని?" అంది. సాయంత్రం బుడాన్ మామ అంగన్‌వాడీ గేటు దగ్గరికొచ్చి, పిల్లల తల్లులందరూ వింటుండగా మొదలుపెట్టాడు.

"జనవరిలో నువ్వు ఇంటింటికీ తిరిగావా రెబ్కమ్మా?"

"తిరిగాను."

"చివరి బజారుకి?"

"వచ్చాను మామా. మీ షెడ్డు దగ్గరికొచ్చానుగా. నువ్వే చూశావు."

"షెడ్డు దాకా వచ్చావు. షెడ్డు అవతల ఇరవై ఆరు ఇళ్లున్నాయి."

నాకు కోపం ముంచుకొచ్చింది. అందులో నిజం ఉండటం వల్ల ఇంకా ఎక్కువ వచ్చింది. ఆ సమయానికి జయపాల్ అన్న రాకపోతే నేను ఏమనేదాన్నో. జయపాల్ అన్న మా చర్చిలో పెద్ద, పాటల బృందాన్ని నడిపిస్తాడు, ఒక పార్టీకి బూతు ఏజెంటు కూడా. బండి ఆపి మామని కసిరి పంపేశాడు. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు దిగులు పెట్టుకోకు చెల్లెమ్మా. సాయిబులవే ఎక్కువ పేర్లున్నాయి చూశావా? వాళ్లలో వాళ్లకే ఏదో తగాదా. మధ్యలో మనవాళ్లవి కొట్టుకుపోయాయి" అన్నాడు. ఆ మాట నాకు ఓదార్పుగానే అనిపించింది, సిగ్గు విడిచి చెబుతున్నాను. అక్కడ గుడారాల్లోనూ ఇలాంటి మాటలే నడిచాయని తర్వాత తెలిసింది. సాయిబులు చర్చివాళ్లని, చర్చివాళ్లు సాయిబులని అనుమానించారు. ఒకే సాలులో వంగి కోసేవాళ్లు అన్నం వేళకి వేరువేరు గట్లకి పోయారట.

మామ మాత్రం ఊరుకోలేదు. అర్జీలు పెట్టిందెవరో చూడాలి, కాగితాలు చూపించండి అని మూడు రోజులు వరసగా మండలాఫీసుకి వెళ్లాడు. మూడో రోజు ఆ కట్ట తీసుకోవడానికి నన్నూ రమ్మన్నారు. ఇద్దరం ఒకే ఆటోలో, చెరో చివర కూర్చుని వెళ్లాం. గుమాస్తా కట్ట తెచ్చి బల్ల మీద పడేశాడు. మామ జేబులోంచి కళ్లజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకున్నాడు. అభ్యంతరం పెట్టినవారి పేరు అని ఉన్నచోట వేలుపెట్టి చదివాడు.

షేక్ బుడాన్.

కింద సంతకం ఆయనదే. గ్రామసభ పుస్తకంలో నేను చూసిన సంతకమే. ఒక్కటి చూస్తే తెలిసిపోతుంది కదా, ఆయన ఆపలేదు. యాభై ఎనిమిదీ తిప్పాడు, ఒక్కో పేరు పెదవులతో చదువుతూ. రహిమున్నీసా పేరొచ్చినప్పుడు ఆగాడు. ఆమె ఆయన సొంత అక్క కూతురు. నేను పక్కన నిలబడి, దొరికాడు దొంగ అనుకున్నాను. నన్ను గేటు దగ్గర నిలదీసిన మనిషి కదా. లోపల ఎక్కడో సంతోషపడ్డాను కూడా.

బయటికొచ్చి టీ బంకు పక్కన బల్ల మీద కూలబడ్డాడు. నేను అడక్కుండానే చెప్పాడు.

"నెల కిందట ఇద్దరొచ్చారమ్మా. కారులో. చొక్కాలు ఇస్త్రీవి. కుర్చీ ఒకటే ఉందంటే పర్లేదని దూది కుప్ప మీదే కూర్చున్నారు, బట్టలకి అంటుకుంటుందన్నా వినకుండా. కుళాయిల సర్వే అన్నారు. తాళాలేసిన ఇళ్లవాళ్లు వచ్చాక వాళ్లకీ కుళాయి ఇవ్వాలి, ఎవరెవరు ఊళ్లో లేరో ఒక సాక్షి సంతకం కావాలి అన్నారు. 'బుడాన్ గారూ, బజారంతా మిమ్మల్ని నమ్మి తాళాలిచ్చి పోయారంట కదా, మీకంటే సాక్షి ఎవరండీ' అన్నారు."

"చదవలేదా మామా?"

"లేదు."

"నువ్వా? చదవకుండానా?"

ఆయన కళ్లజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను నమ్మలేదు. ఉల్లిపాయలు తూచుకునేవాడు యాభై ఎనిమిది సంతకాలు ఊరికే పెట్టాడంటే ఎవరు నమ్ముతారు? ఏమిచ్చారో అనుకున్నాను. అయినా జాలి కలిగి, "దొంగ సంతకాలు అని చెప్పెయ్యి మామా. నావి కావంటే నీకూ బాధ ఉండదు, ఓట్లూ పోవు" అన్నాను.

"నావి కావంటే దొంగెవరో తెలియదని మూసేస్తారమ్మా. వచ్చినవాళ్లనెవరు అడుగుతారు?" అన్నాడు. నా వైపు తిరిగి, "నిన్ను పదిమందిలో అనరాని మాట అన్నాను. తప్పు నాది. మనసులో పెట్టుకోకు" అన్నాడు.

ఆ క్షమాపణ నేను తీసుకున్నాను. "పర్లేదులే మామా" అని పెద్దమనసు కూడా చూపించాను. అంతలో ఆయన కట్ట వైపు చూస్తూ, "ఇంకోటి అంతుబట్టట్లేదు. వాళ్ల దగ్గర ముందే జాబితా ఉంది. నంబర్లు వాళ్లే చదివారు, నేను ఔననడమే. ఆ నంబర్లు ఇంటి వరస కాదు. నా మేకుల వరస. నా గోడ మీద ఎలా ఉందో అలాగే చదివారు. అది వాళ్లకెవరిచ్చారంటావు?" అన్నాడు.

"ఏమో మామా" అన్నాను.

ఏమో కాదు. నాకు తెలుసు. జనవరిలో సర్వేకి వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నమైంది. తాళాలేసిన ఇళ్ల చుట్టూ తిరగడం ఎందుకని మామ షెడ్డు దగ్గరే ఆగి, ఆ తాళంచెవుల గోడని ఫోనుతో ఫొటో తీసుకుని, ఇంటికెళ్లి నంబర్లు చూసి "తాళం" అని రాసుకున్నాను. ఆ రాత్రే జయపాల్ అన్న అడిగాడు. "తాళాలేసిన ఇళ్లేవో చెబుతావా చెల్లెమ్మా, మనవాళ్లు తిరిగొచ్చాక ఓటరు స్లిప్పులు అందేలా చూస్తాను." నంబర్లు ఎవరు రాస్తారని ఫొటోనే పంపేశాను. జయపాల్ అన్న మనవాడు కదా అనుకున్నాను.

విచారణకి ఇంకా ఎనిమిది రోజులుంది. ఆ ఎనిమిది రోజులూ నేను అందరినీ అనుమానించాను. జయపాల్ అన్నని అడిగితే, "నేనెవరికిస్తాను? ఆ ఫొటో సంగతి ఎక్కడా ఎత్తకు. బీఎల్వో అయ్యుండి ఇళ్లకి వెళ్లకుండా ఫొటో తీసిందని తెలిస్తే ముందు నీ ఉద్యోగం పోతుంది. బుడాన్ ఎలాగూ ఒప్పుకోడు. తప్పుడు అర్జీ పెడితే జైలు తెలుసా? కోతలు వదిలి ఎవరూ రారు. కథ కంచికి వెళ్తుంది, మనం ఇంటికి" అన్నాడు. ఇంత వివరంగా ఆలోచించి పెట్టుకున్నాడేమిటి అనిపించింది. ఫొటో ఫోనులోంచి తీసేశాను. తీసేశాక భయం ఇంకా పెరిగింది.

రెండు రోజుల తర్వాత మామ షెడ్డు ముందు జయపాల్ అన్న బండి కనపడింది. గంటసేపుంది. సాయంత్రం వెళ్లి, జయపాల్ అన్న ఎందుకొచ్చాడని అడిగాను.

"పరుపు కుట్టించుకోవడానికి" అన్నాడు మామ.

"పరుపేదీ మరి?"

"తెస్తానన్నాడు. మీ సంఘ పెద్దకి నా మీద ఎంత ప్రేమో! విచారణ రోజు గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్లి ఊపిరితిత్తులు చూపిస్తాడంట. కారు కూడా మాట్లాడాడంట."

"వెళ్తావా?"

ఆయన నా వంక నిదానంగా చూశాడు. "నువ్వెందుకమ్మా అడుగుతున్నావు? వెళ్లాలనా, వద్దనా?"

పొద్దుపోయిందని వచ్చేశాను. ఆయన వెళ్తాడనే అనుకున్నాను. వెళ్తే బాగుండునని కూడా ఒక్క క్షణం అనుకున్నాను, దేవుడు క్షమించాలి. ఆయన రాకపోతే ఆ జాబితా ఎక్కడిదనే ప్రశ్న రాదు కదా.

విచారణ రోజు పొద్దున రెండు ట్రక్కుల్లో జనం దిగారు. రహిమున్నీసా అక్క ఎవరినీ వదల్లేదు. ముసలివాళ్లని కూడా ఎక్కించుకొచ్చింది. నాలుగు రోజులు కోత ఆగితే చేనుగలాయన వేరే ముఠాని పెట్టుకుంటానన్నాడట. పెట్టుకోమని వచ్చేశారు. ఆడవాళ్లు మిరప మంట పట్టిన చేతులు చీర కొంగుల్లో చుట్టుకుని మండలాఫీసు హాల్లో గోడల వెంట నిలబడ్డారు. చర్చివాళ్లు ఒక గోడకి, సాయిబులు ఒక గోడకి. ఏజెంట్ల కుర్చీల్లో జయపాల్ అన్న. జాబితా పట్టుకుని నేను. బుడాన్ మామ ఎక్కడా లేడు.

తహశీల్దారు మేడం కొత్తగా వచ్చినావిడ. అభ్యంతరం పెట్టిన షేక్ బుడాన్ హాజరయ్యారా అని అడిగింది. ఆ పేరు వినగానే హాల్లో కలకలం రేగింది. వాళ్లకి అప్పటిదాకా తెలియదు. నేను చెప్పలేదు, మామా చెప్పలేదు. రహిమున్నీసా అక్క "ఎవరు?" అని అరిచింది. మేడం మళ్ళీ చదివింది. జయపాల్ అన్న తలవంచుకుని ఫోను చూసుకుంటున్నాడు.

"వచ్చానండీ" అని వెనకనుంచి వినపడింది. వరండాలో దగ్గు ఆపుకుంటూ నిలబడ్డాడట. జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చాడు. ఆయనకి దారి ఇచ్చినవాళ్లు ఒళ్లు తగలకుండా జరిగారు.

మేడం కట్ట చూపించింది. "ఇవి మీ సంతకాలేనా?"

"నావేనండి. యాభై ఎనిమిదీ నావే."

"వీళ్లంతా ఊరు వదిలి వెళ్లిపోయారని రాశారు."

"అబద్ధమండీ. వీళ్లంతా మా బజారువాళ్లే. కోతలకి పోయి వస్తారు. తాళాలు నా దగ్గరే ఉంటాయి. వీళ్లలో ఒక్కరు ఊరు వదల్లేదు."

మేడం ఆయన వయసు చూసిందో, దగ్గు చూసిందో, గొంతు మెత్తబరిచింది. "మీకు చదవడం రాదా? కళ్లజోడు లేక చూసుకోలేదా? అలా అయితే చెప్పండి, రాసుకుంటాం."

దారి చూపించిందావిడ. ఔనంటే అక్కడితో అయిపోయేది.

"చదవడం వచ్చండి. కళ్లజోడు జేబులోనే ఉంది" అన్నాడు మామ.

"మరి ఎందుకు పెట్టావయ్యా!" రహిమున్నీసా అక్క ఆగలేకపోయింది. "మామా, నీ చేతుల్లో ఇల్లు పెట్టి పోయానే! ఏం తిన్నావు వాళ్ల దగ్గర? చెప్పు, ఏమిచ్చారు?"

హాల్లో అందరూ అడగాలనుకున్నది అదే. నేనూ అడగాలనుకున్నది అదే. మామ ఆమె వైపు తిరిగాడు.

"గారూ అన్నారే" అన్నాడు. "బుడాన్ గారూ అన్నారు. మీరే సాక్షి అన్నారు. చిన్నప్పుడు అరుగు మీద నా సంచి బోర్లించిన కాడినుంచి నా మాట సాక్ష్యానికి పనికొస్తుందని ఎవరూ అనలేదు. కళ్లజోడు తీద్దామనుకున్నా. అడిగితే వాళ్లేమనుకుంటారో అని తీయలేదు. నమ్మి వచ్చినవాళ్లని అనుమానించినట్టుంటుందని సిగ్గుపడ్డాను. అంతకంటే ఏమీ తినలేదే."

రహిమున్నీసా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో తిడుతోందో తెలియలేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. చదవకుండా పెట్టాడంటే నేనెందుకు నమ్మలేదో అప్పుడర్థమైంది. ఆయనకి కూడా ఒక కోరిక ఉంటుందని నాకెప్పుడూ తోచలేదు.

మేడం ఆయన మాటలన్నీ రాయించి, చదివి వినిపించి, సంతకం పెట్టమంది. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చదివాడు. చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. అభ్యంతరాలన్నీ కొట్టేస్తున్నానని, యాభై ఎనిమిది ఓట్లూ ఉంటాయని మేడం చెప్పింది. చప్పట్లేమీ లేవు. తప్పుడు అర్జీకి మీ మీద కేసు పెట్టాల్సి రావచ్చు అంది. పెట్టండి అన్నాడు. వచ్చిన ఇద్దరినీ చూస్తే గుర్తుపడతారా అంటే పడతానన్నాడు.

"తాళాల ఇళ్ల జాబితా వాళ్లకెలా చేరిందో తెలుసా?"

"తెలీదండి. నేనివ్వలేదు. అది మాత్రం ఎవరో తెలిసినవాళ్లే ఇచ్చుంటారు."

నా వైపు చూడలేదాయన. చూసుంటే నాకు సులువుగా ఉండేది, కోపమైనా వచ్చేది. జయపాల్ అన్న మాత్రం చూశాడు. వద్దన్నట్టు తల కొంచెం అడ్డంగా ఊపాడు. మేడం పెన్ను మూతపెడుతూ ఇంకెవరైనా చెప్పాల్సింది ఉందా అంది.

ఉద్యోగం పోతుంది. పోతే ఇల్లెలా గడుస్తుందో తెలియదు. చర్చిలో రేపటి ఆదివారం నా పక్కన ఎవరు కూర్చుంటారో తెలియదు. టీ బంకు దగ్గర నేను తీసుకున్న క్షమాపణ ఒక్కటే నాది కాదని తెలుసు. లేచి నిలబడ్డాను.

"ఆ జాబితా నాదండి. నేను ఇళ్లకి వెళ్లలేదు. మామ గోడని ఫొటో తీసుకుని వచ్చాను. ఆ ఫొటో ఒకరికి పంపాను. మొన్న ఫోనులోంచి తీసేశాను."

రెండు గోడలవాళ్లూ నన్నే చూస్తున్నారు. బుడాన్ మామ కళ్లజోడు తీయకుండానే నా వైపు తిరిగాడు. జాలి లేదు, కోపం లేదు. పరుపు విప్పేముందు కుట్టు ఎక్కడుందో వెతికేటప్పుడు అలా చూస్తాడు.

"ఎవరికి పంపావమ్మా?"

"జయపాల్ అన్నకి."

అప్పటికే కుర్చీలోంచి లేవబోతున్నాడు జయపాల్ అన్న. తలుపు దగ్గర నిలబడ్డ మా చర్చి ఆడవాళ్లు పక్కకి జరగలేదు. మామ దగ్గుతూ, నెమ్మదిగా నాలుగడుగులు వేసి ఆయన ముందుకి వెళ్లాడు.

"మరి నువ్వెవరికి పంపావు నాయనా?" అన్నాడు.